‘లేదు’ అనడానికి అర్హత: పరిశోధనలో అన్వేషణ నీతి

సంగ్రహం: పూర్వ పరిశోధనల సమీక్షలో ‘ఈ అంశంపై పరిశోధన జరగలేదు’ అని చెప్పడం ఒక అభావ ప్రతిపాదన. నేడు ఈ ప్రతిపాదన ఎక్కువగా డేటాబేసులలో టైపు చేసిన కొన్ని పదాల మీద ఆధారపడుతున్నది. ఆ పదాల కూర్పును సాంకేతిక నైపుణ్యంగా మాత్రమే చూడటం చాలదనీ, అది ప్రమాణ విచారానికీ నీతి విచారానికీ చెందిన విషయమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మీమాంసకుల యోగ్యానుపలబ్ధి భావనను, తర్కశాస్త్రంలోని లక్షణ దోషాలను ఆధారంగా తీసుకొని, తెలుగు భాషా స్వరూపం కలిగించే ప్రత్యేక సమస్యలను చర్చిస్తుంది.

కీలక పదాలు: అనుపలబ్ధి, యోగ్యత, శోధన వాక్యం, అవ్యాప్తి, అతివ్యాప్తి, పూర్వ పరిశోధనల సమీక్ష, పరిశోధన నీతి.

1. ఉపోద్ఘాతం

తెలుగు శాఖలకు సమర్పితమయ్యే సిద్ధాంత గ్రంథాలలో తొలి అధ్యాయం ముగిసేలోగా ఒక వాక్యం తరచుగా కనిపిస్తుంది: ‘ఈ అంశంపై ఇంతవరకు సమగ్రమైన పరిశోధన జరగలేదు.’ అంశం నమోదు కావడానికీ, పర్యవేక్షకులు అంగీకరించడానికీ, పరీక్షకులు ఆ కృషిని నూతనమని గుర్తించడానికీ ఈ వాక్యమే పునాది. ఇంత బరువు మోసే వాక్యానికి సాధారణంగా ఏ ఆధారమూ చూపరు. ఒక పద్యం ఫలానా కావ్యంలో ఉందంటే ఆశ్వాస సంఖ్య, పద్య సంఖ్య ఇవ్వాలి. ‘లేదు’ అన్న మాటకు మాత్రం పాదసూచిక అడిగేవారు లేరు.

నిజానికి రెండింటిలో కష్టసాధ్యమైనది రెండవదే. ఉన్నదని నిరూపించడానికి ఒక్క నిదర్శనం చాలు. లేదని నిరూపించడానికి ఉండదగిన చోట్లన్నీ చూసి ఉండాలి. పూర్వం ఈ పని గురువుల జ్ఞాపకశక్తి మీద, గ్రంథాలయాల కార్డు పెట్టెల మీద, పాత పత్రికల సంపుటాలను తిరగేసే ఓపిక మీద ఆధారపడేది. ఇప్పుడు శోధ్‌గంగలోనో గూగుల్ స్కాలర్‌లోనో రెండు మూడు పదాలు టైపు చేయగానే ఫలితాల సంఖ్య కనిపిస్తుంది. ఆ సంఖ్య సున్నా అయితే ‘పరిశోధన జరగలేదు’ అనే వాక్యం సిద్ధమైపోతుంది. డేటాబేసును ప్రశ్నించడానికి కూర్చిన పదాల సముదాయాన్ని ఈ వ్యాసంలో ‘శోధన వాక్యం’ అని వ్యవహరిస్తున్నాను. ఆ వాక్యం చేతకానిదైతే సున్నా అనే ఫలితం లోకం గురించి ఏమీ చెప్పదు. అడిగినవారి గురించి మాత్రమే చెబుతుంది.

ఈ సమస్య తెలుగువారికి కొత్తది కాదు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న అభిప్రాయం ఒకప్పుడు అచ్చులో వెలువడింది. దానికి సురవరం ప్రతాపరెడ్డి ఆవేశంతో ఖండన వ్రాసి ఊరుకోలేదు. తన గోలకొండ పత్రిక ద్వారా కవుల వివరాలను, రచనలను సేకరించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించారు. అందులో 354 మంది కవులున్నారు. కవులు లేరన్నవారు అబద్ధం చెప్పాలని చెప్పి ఉండనక్కరలేదు. వారు చూసిన పుస్తకాలలో, వారికి అందిన పత్రికలలో ఆ కవులు కనిపించి ఉండకపోవచ్చు. కనిపించకపోవడానికీ లేకపోవడానికీ మధ్య ఉన్న దూరం 354 మంది కవులంత. సురవరం వారి సమాధానంలోని గొప్పతనం అన్వేషణ పద్ధతిని మార్చడంలో ఉంది. కవులు ఉండే చోటికి, వారు చదివే పత్రిక ద్వారా, వారికి అర్థమయ్యే పిలుపుగా ఆయన ప్రశ్న వెళ్ళింది.

2. అనుపలబ్ధి, యోగ్యత

కనిపించనంత మాత్రాన లేదని ఎప్పుడు అనవచ్చు? భారతీయ దర్శనాలు ఈ ప్రశ్నను నిశితంగా చర్చించాయి. కుమారిలభట్టును అనుసరించే మీమాంసకులు, అద్వైత వేదాంతులు అనుపలబ్ధిని ఆరవ ప్రమాణంగా అంగీకరించారు. నేల మీద కుండ లేదన్న జ్ఞానం కుండ కనబడకపోవడం వల్లనే కలుగుతుందని వారి వాదం. నైయాయికులు దానిని ప్రత్యేక ప్రమాణంగా ఒప్పుకోక, అభావం ప్రత్యక్షం చేతనే తెలుస్తుందన్నారు. ప్రాభాకరులు అభావాన్ని ప్రత్యేక పదార్థంగానే అంగీకరించలేదు. ఇంత భేదమున్నా అభావాన్ని అంగీకరించిన పక్షాలవారు పాటించిన నియమం ఒకటుంది: కనబడకపోవడం మాత్రమే చాలదు, ఆ వస్తువు అక్కడ ఉండి ఉంటే తప్పక కనబడేదన్న స్థితి కూడా ఉండాలి. దీనినే యోగ్యానుపలబ్ధి అన్నారు.

చీకటి గదిలో కుండ కనబడకపోతే కుండ లేదని అనరాదు. వెలుతురు ఉండి, కన్ను బాగుండి, చూపు ఆ వైపు ఉండి, అయినా కనబడకపోతేనే లేదనాలి. పిశాచం వంటి స్వభావతః కనబడని వస్తువు విషయంలో ఎంత వెలుతురున్నా కనబడకపోవడం ఏమీ నిరూపించదు. బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి కూడా దృశ్యమైన దాని అనుపలబ్ధినే హేతువుగా అంగీకరించి, దేశకాల స్వభావాల చేత దూరమైన వస్తువుల అనుపలబ్ధి సంశయానికి మాత్రమే కారణమన్నాడు. పరస్పరం తీవ్రంగా విభేదించుకున్న సంప్రదాయాలు ఈ ఒక్క విషయంలో దగ్గరకు రావడం గమనార్హం.

డేటాబేసు ముందు కూర్చున్న పరిశోధకుని స్థితికి ఈ నియమాన్ని అన్వయిస్తే మూడు ప్రశ్నలు తేలుతాయి. మొదటిది అధికరణానికి సంబంధించినది: వెదికిన చోటు ఆ వస్తువు ఉండదగిన చోటేనా? స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ వంటి అంతర్జాతీయ సూచికలలో భారతీయ భాషల పత్రికలకు దక్కిన స్థానం స్వల్పం. అక్కడ తెలుగు వ్యాసం కనబడకపోవడం చీకటి గదిలో కుండ కనబడకపోవడం వంటిదే. రెండవది కాలానికి సంబంధించినది: ఆ నిధి ఏ సంవత్సరం నుంచి మొదలవుతుంది? విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009 నిబంధనలలో సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతిని సమర్పించాలని విధించింది. అంతకు పూర్వపు గ్రంథాలు శోధ్‌గంగలో చేరడం ఆయా విశ్వవిద్యాలయాలు వెనుకకు వెళ్ళి చేసిన కృషిని బట్టి ఉంటుంది. మూడవది సాధనానికి సంబంధించినది: వాడిన పదాలు ఆ వస్తువును పట్టగలవా? మొదటి రెండు ప్రశ్నలకు సమాధానం నిధి వివరాలలో దొరుకుతుంది. మూడవ దానికి సమాధానం పరిశోధకుని చేతిలోనే ఉంది గనుక దానిని విస్తరంగా పరిశీలించాలి.

3. శోధన వాక్యం ఒక లక్షణం

శోధన వాక్యం కూర్చడమంటే ఒక వర్గానికి లక్షణం చెప్పడమే. ‘ఈ పదాలు ఉన్నవి నాకు కావలసినవి, లేనివి అక్కరలేనివి’ అని యంత్రానికి ఆదేశిస్తున్నాము. లక్షణానికి దోషాలు మూడని తర్కశాస్త్రం చెబుతుంది. అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే వ్రాసిన దీపికలో గోవును ఉదాహరణగా తీసుకొని వీటిని వివరించాడు. కపిల వర్ణం గోవు లక్షణమంటే తెల్లావులు తప్పిపోతాయి: ఇది అవ్యాప్తి. కొమ్ములుండటం లక్షణమంటే గేదెలూ వస్తాయి: ఇది అతివ్యాప్తి. ఒంటి గిట్ట లక్షణమంటే ఒక్క ఆవూ రాదు: ఇది అసంభవం.

సమాచార శాస్త్రం ఈ భేదాన్నే వేరే మాటలలో కొలిచింది. 1960 ప్రాంతాలలో ఇంగ్లండులోని క్రాన్‌ఫీల్డ్‌లో సిరిల్ క్లెవర్డన్ నిర్వహించిన ప్రయోగాలు రెండు కొలతలను స్థిరపరచాయి. ఉన్న సంబంధిత పత్రాలలో ఎన్ని దొరికాయన్నది ఒకటి. దొరికిన వాటిలో ఎన్ని సంబంధితమన్నది రెండవది. మొదటిది తగ్గితే అవ్యాప్తి, రెండవది తగ్గితే అతివ్యాప్తి. సాధారణంగా ఒకదానిని సవరించబోతే రెండవది చెడుతుంది. ఇక్కడ ఒక విషమత ఉంది. అతివ్యాప్తి కళ్ళకు కనబడుతుంది. అక్కరలేని ఫలితాలు తెర నిండా వచ్చి విసిగిస్తాయి. అవ్యాప్తి కనబడదు, రానిది రాలేదని యంత్రం చెప్పదు. అందువల్ల మనిషి సహజంగా కనబడే దోషాన్ని దిద్దుకుంటూ, కనబడని దోషాన్ని పెంచుకుంటూ పోతాడు. ఫలితాలు తక్కువై చక్కగా అమరినప్పుడు కలిగే తృప్తి మోసకరమైనది.

ఆ తృప్తి ఎంత మోసకరమో 1985లో డేవిడ్ బ్లెయిర్, ఎం. ఇ. మారన్ ప్రకటించిన అధ్యయనం చూపింది. ఒక పెద్ద వ్యాజ్యం కోసం సుమారు 40,000 పత్రాలను, అంటే దాదాపు 3,50,000 పుటలను, పూర్తి పాఠంతో శోధించే వ్యవస్థలో ఉంచారు. సంబంధిత పత్రాలలో కనీసం 75 శాతం తమకు లభించాయని న్యాయవాదులు నమ్మారు. పరీక్షించి చూస్తే సగటున దొరికినవి 20 శాతమే. వారు అజాగ్రత్తపరులు కారు. గెలవాలన్న పట్టుదల ఉన్నవారు. అయినా తాము ఊహించిన పదాలు మాత్రమే పత్రాలలో ఉంటాయని అనుకున్నారు.

శోధన వాక్యాన్ని కలిపే మూడు సంయోజకాలు, ‘మరియు’, ‘లేదా’, ‘కాదు’ అనేవి, 1854లో ఆలోచనా నియమాలపై గ్రంథం వెలువరించిన జార్జ్ బూల్ తర్కం నుంచి వచ్చాయి. వీటి స్వభావాన్ని ఒక ఉదాహరణతో చూద్దాం. తెలుగు స్త్రీల పాటలపై జరిగిన పరిశోధనను వెదకాలి. ‘స్త్రీల పాటలు’ అన్న ఒక్క మాటతో వెదికితే లాలి పాటలు, ఊయల పాటలు, దంపుళ్ళ పాటలు, అప్పగింతల పాటలు, మంగళహారతులు, గొబ్బి పాటలు, బతుకమ్మ పాటలు అనే శీర్షికలతో ఉన్నవి తప్పిపోతాయి. వీటన్నిటినీ ‘లేదా’తో కలపాలి. ఇప్పుడు ఫలితాలు పెరిగాయని ‘మరియు జానపద’ అని చేర్చితే, ఆ మాట వాడకుండానే బతుకమ్మ పాటలను చర్చించిన వ్యాసం మళ్ళీ తప్పిపోతుంది. ప్రతి ‘మరియు’ ఒక తలుపు మూస్తుంది, ప్రతి ‘లేదా’ ఒక తలుపు తెరుస్తుంది. ‘కాదు’ అనేది వీటన్నిటికంటే ప్రమాదకరం. శ్రీశ్రీ కవిత్వంపై వెదుకుతూ ‘సినిమా కాదు’ అని ఆదేశిస్తే, ఆయన కవిత్వాన్నీ సినిమా పాటలనూ పోల్చి చూసిన వ్యాసాలు కూడా వెళ్ళిపోతాయి. ఆ పోలికే బహుశః మనకు కావలసిన విషయం.

పై జాబితాలో మరొక సూక్ష్మం ఉంది. కోస్తా ప్రాంతపు పరిశోధకునికి బతుకమ్మ, తెలంగాణ పరిశోధకునికి గొబ్బి వెంటనే స్ఫురించకపోవచ్చు. శోధన పదాల జాబితా తెలియకుండానే దానిని వ్రాసినవారి ఊరిని, చదువును, వర్గాన్ని చెప్పేస్తుంది. అందుచేత ఆ జాబితాను ఒక్కరే గదిలో కూర్చుని తయారు చేయరాదు. భిన్న ప్రాంతాలవారిని అడగాలి. దొరికిన తొలి వ్యాసాలలో వాడిన మాటలను ఏరుకొని మళ్ళీ వెదకాలి. ఈ రెండవ ఆవృత్తి లేని అన్వేషణ అసలు మొదలు కానట్లే.

4. తెలుగు నుడి, లిపి కలిగించే ఆవరణలు

ఆంగ్లంలో వెదికేవారికి లేని కొన్ని చిక్కులు తెలుగులో వెదికేవారికి ఉన్నాయి. మన భాషా చరిత్ర, వ్యాకరణం చదివినవారికి ఇవి తెలిసినవే. అన్వేషణకు అన్వయించుకోవడమే మిగిలింది.

మొదటిది రూప భేదం. బిరుదురాజు రామరాజుగారి ప్రసిద్ధ సిద్ధాంత గ్రంథం పేరు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’. ‘జానపద సాహిత్యం’ అని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి శీర్షికలలో వెదికేవారికి అది రాదు. మధ్యన ‘గేయ’ ఉంది, చివర ‘ము’ ఉంది. ‘మౌఖిక సాహిత్యం’ అని వెదికేవారికి అసలే రాదు. ఈ రంగానికి దారి వేసిన గ్రంథమే ఒక అనుస్వారం తేడాతో అదృశ్యమవుతుంది. ఇట్లాగే చెఱువు, చెరువు, వ్రాత, రాత, వాఙ్మయం, వాఞ్మయం, వాజ్మయం. ప్రామాణికమైన రూపం ఒకటే కావచ్చు. కాని అచ్చు తప్పుతో నమోదైన గ్రంథం కూడా గ్రంథమే. తప్పు రూపంతో వెదకడం తప్పును అంగీకరించడం కాదు.

రెండవది ప్రాతిపదికల మార్పు. చాలా డేటాబేసులలో పదం చివర నక్షత్రపు గుర్తు పెడితే ఆ పదంతో మొదలయ్యే రూపాలన్నీ వస్తాయి. ‘కవిత్వ’ తరువాత ఆ గుర్తు పెడితే కవిత్వం, కవిత్వము, కవిత్వంలో, కవిత్వపు అన్నీ దొరుకుతాయి. ‘పాట’ తరువాత పెడితే పాటలతోపాటు పాటవం, పాటించడం, పాటలీపుత్రం కూడా వచ్చి అతివ్యాప్తి కలుగుతుంది. ఔపవిభక్తికాల దగ్గర ఈ ఉపాయం చెల్లదు: ‘ఇల్లు’ అన్న రూపం ‘ఇంటి’ని పట్టదు, ‘కన్ను’ ‘కంటి’ని పట్టదు. గసడదవాదేశం మరొక ముసుగు వేస్తుంది: ‘తండ్రి’ని వెదికితే ‘తల్లిదండ్రులు’ రారు. సంధి జరిగిన సమాసంలో ఉత్తరపదం పూర్తిగా దాగిపోతుంది: ‘అధ్యయనం’ కోసం వెదికితే ‘ప్రబంధాధ్యయనం’ అందదు.

మూడవది లిపి. శోధ్‌గంగలో తెలుగు సిద్ధాంత గ్రంథాల శీర్షికలు కొన్ని తెలుగు లిపిలో, కొన్ని రోమన్ లిపిలో, కొన్ని ఆంగ్లానువాదంగా నమోదయ్యాయి. రోమన్ లిపిలో గురజాడ ఇంటిపేరును కొందరు ‘జె’తో, కొందరు ‘జెడ్’తో వ్రాస్తారు. పోతన పేరులో తకారానికి కొందరు ‘టి’ ఒక్కటే వాడితే కొందరు ‘హెచ్’ చేరుస్తారు. వీరేశలింగం పేరులోని దీర్ఘానికి రెండు ‘ఇ’లు వ్రాసేవారున్నారు, ఒకే ‘ఐ’ వ్రాసేవారున్నారు. ‘శ్రీశ్రీ’ మధ్యన ఖాళీ ఉండటం, లేకపోవడం కూడా ఫలితాన్ని మారుస్తుంది.

నాలుగవది కంటికి కనబడి యంత్రానికి కనబడని పాఠం. యూనికోడేతర ఖతులతో టైపు చేసిన పుస్తకాల పీడీఎఫ్ ప్రతులు తెర మీద చక్కని తెలుగుగా కనిపిస్తాయి. వాటి లోపల ఉన్న సంకేతాలు తెలుగు అక్షరాలకు చెందినవి కావు. ఎంత సరైన పదంతో వెదికినా అవి పలకవు. కేవలం ఫోటోలుగా స్కాన్ చేసిన పుటల స్థితీ ఇంతే. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు ప్రారంభించిన ‘భారతి’ వంటి పత్రికల సంచికలు స్కాన్ రూపంలో దొరికినా, అవి తరచుగా నెల, సంవత్సరం పేర్లతోనే నమోదై ఉంటాయి. లోపలి వ్యాసాల శీర్షికలు శోధనకు అందవు. ధర్మకీర్తి చెప్పిన స్వభావతః దూరమైన వస్తువులు ఇవే. ఇక్కడ శోధన వాక్యం ఎంత గొప్పదైనా అనుపలబ్ధికి యోగ్యత రాదు. విషయసూచికలను పుట పుటగా చూడవలసిందే.

5. పదం, దృక్కోణం

పర్యాయపదాల సమస్యను నిఘంటువుతో తీర్చుకోవచ్చుననిపిస్తుంది. అది సగమే నిజం. బ్లెయిర్, మారన్‌ల అధ్యయనంలో, ఒక ప్రమాదంలో ప్రమేయమున్నవారు తమ పత్రాలలో దానిని ‘ప్రమాదం’ అని వ్రాయలేదు. సంఘటన, పరిస్థితి, సమస్య, ఇబ్బంది అని వ్రాశారు. ఏ మాట వాడారన్నది వ్రాసినవారు ఎక్కడ నిలబడి వ్రాశారన్న దానిని బట్టి మారింది. కనుక పర్యాయపదాలను సేకరించడమంటే ఆ విషయాన్ని చుట్టుముట్టి ఉన్న భిన్న వైఖరులను గుర్తించడం.

సామాజిక విషయాలలో ఇది మరింత తీవ్రం. ‘దళిత సాహిత్యం’ అన్న మాటతో మాత్రమే వెదికే పరిశోధకునికి ఆ మాట తెలుగు విమర్శలో స్థిరపడటానికి ముందు కాలం శూన్యంగా కనిపిస్తుంది. 1922 నాటి ‘మాలపల్లి’పై, 1941 నాటి ‘గబ్బిలం’పై ఆ రోజులలో వచ్చిన చర్చలను పట్టాలంటే పంచమ, ఆదిఆంధ్ర, హరిజన, అస్పృశ్యత వంటి మాటలతో వెదకాలి. ఇట్లాగే దేవదాసీ వ్యవస్థపై పాత రచనలు కళావంతులు, భోగంవారు, వేశ్య అన్న మాటల కింద ఉంటాయి. వీటిలో కొన్ని అవమానకరమైనవి. నేటి పరిశోధకుడు తన వ్యాసంలో వాటిని వాడటానికి సంకోచించడం న్యాయమే. కాని వాటితో వెదకడానికి కూడా సంకోచిస్తే, ఆ అవమానాన్ని అనుభవించినవారి చరిత్రే చేజారుతుంది. వ్యవహారానికి ఒక పదజాలం, అన్వేషణకు మరొక పదజాలం ఉంచుకోవడం ఇక్కడ కపటం కాదు, బాధ్యత.

వర్గీకరించినవారి మాటలలోనూ పక్షపాతం ఉంటుంది. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ విషయ శీర్షికలలో జాతి, లింగ వివక్ష ఎంతగా ఇంకి ఉన్నదో శాన్‌ఫోర్డ్ బెర్మన్ 1971లో ఒక గ్రంథంలో ఎత్తి చూపారు. సూచిక వ్రాసినవారి లోకం ఎంత ఇరుకో, దానిని నమ్మి వెదికేవారి ఫలితం అంత ఇరుకు.

6. ‘లేదు’ అన్న మాటకు మూల్యం

అన్వేషణలోని లోపం నైతిక లోపం ఎట్లా అవుతుంది? వైద్య రంగంలో దీనికి విషాదకరమైన ఉదాహరణ ఉంది. 2001లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ సంస్థలో ఉబ్బసానికి సంబంధించిన ప్రయోగంలో భాగంగా హెక్సామెథోనియం అనే మందును పీల్చిన ఆరోగ్యవంతురాలైన 24 ఏళ్ళ యువతి మరణించింది. ఆ మందు ఊపిరితిత్తులకు హాని చేయగలదన్న నివేదికలు 1950ల నాటి వైద్య పత్రికలలో ఉన్నాయి. ప్రయోగానికి ముందు జరిగిన అన్వేషణ వాటిని పట్టుకోలేదు. ఆనాటి పబ్‌మెడ్‌లో శోధనకు అందినవి 1966 నుంచి వచ్చిన వ్యాసాలే. 1966కు ముందు ఏమీ లేదని ఎవరూ అనలేదు. కాని వెదకిన చోట కనబడకపోవడం ఆచరణలో ‘ప్రమాదం లేదు’ అన్న అర్థాన్ని సంతరించుకుంది.

తెలుగు పరిశోధనలో ప్రాణాలు పోవు. అయితే ఇక్కడా నష్టపోయేవారున్నారు. మొదటివారు పూర్వ పరిశోధకులు. ఒక మారుమూల కళాశాలలో పనిచేస్తూ, ఒక చిన్న పత్రికలో, సొంత ఖర్చుతో అచ్చు వేసుకున్న పుస్తకంలో, ఎవరో ఆ అంశంపై ఏళ్ళ తరబడి కృషి చేసి ఉండవచ్చు. ‘ఇంతవరకు పరిశోధన జరగలేదు’ అన్న ఒక్క వాక్యం ఆ కృషిని విమర్శించకుండానే, చదవకుండానే రద్దు చేస్తుంది. విమర్శకు సమాధానం చెప్పుకోవచ్చు. లేవన్నదానికి సమాధానం చెప్పడానికి ముందు ఉన్నామని నిరూపించుకోవాలి. సురవరం వారికి సంచిక వేయగలిగిన పత్రిక ఉంది. అందరికీ ఉండదు.

ఈ అన్యాయం క్రమంగా వృద్ధి చెందుతుంది. పేరున్నవారికే మరింత గుర్తింపు చేరే ధోరణిని రాబర్ట్ మెర్టన్ 1968లో మాథ్యూ ప్రభావమని వివరించారు. గూగుల్ స్కాలర్ వంటి సాధనాలు ఫలితాలను వరుసలో పెట్టేటప్పుడు ఒక రచనను ఎందరు ఉదహరించారన్నది కూడా లెక్కలోకి తీసుకుంటాయి. ఉదాహృతం కానిది వెనుక పుటలకు జరుగుతుంది. వెనుక ఉన్నది గనుక ఎవరూ చూడరు. చూడరు గనుక ఉదాహృతం కాదు. మొదటి పుటతో అన్వేషణ ముగించే ప్రతి పరిశోధకుడు ఈ చక్రాన్ని ఒక చుట్టు తిప్పినవాడే.

రెండవవారు పాఠకులు, పరీక్షకులు. వారు ఆ వాక్యాన్ని తనిఖీ చేయలేరు, నమ్ముతారు. తనిఖీకి అందని మాట చెప్పేటప్పుడు చెప్పేవారి బాధ్యత పెరుగుతుంది. మూడవవారు రాబోయే పరిశోధకులు. ఒకసారి అచ్చయిన ‘లేదు’ను తరువాతివారు ఆధారంగా ఉటంకిస్తారు. సంశయం మాత్రమే కలిగించవలసినది కాలక్రమంలో నిశ్చయంగా చెలామణి అవుతుంది.

7. ఆక్షేపాలు, సమాధానాలు

ఇంత కఠినమైన నియమం పెడితే పరిశోధన ముందుకు సాగదన్నది మొదటి ఆక్షేపం. అన్వేషణకు అంతం లేదు, ఆయుష్షుకు ఉంది. ఇది సత్యమే. కాని యోగ్యానుపలబ్ధి నియమం అంతులేని అన్వేషణను కోరదు. అన్వేషణకు తగిన మాట చెప్పమని కోరుతుంది. తక్కువ వెదికితే తక్కువ చెప్పాలి. రెండు నిధులలో నాలుగు పదాలతో వెదికినవారు అంతమేరకే చెబితే వారి మాట పూర్తిగా సత్యం. వెదికింది కొంచెమై చెప్పింది ఎక్కువైనప్పుడే అసత్యం ప్రవేశిస్తుంది.

సాహిత్య పరిశోధన వైద్య పరిశోధన వంటిది కాదు, అది సహృదయత మీద, అనుకోకుండా చేతికందిన పుస్తకం మీద నడుస్తుందన్నది రెండవ ఆక్షేపం. ఆవిష్కరణ విషయంలో ఇది ఒప్పుకోదగినదే. కావ్యాన్ని అనుభవించడానికి శోధన వాక్యం అక్కరలేదు. అయితే ‘నాకు ముందు ఎవరూ చూడలేదు’ అన్న మాట రసానుభవానికి చెందినది కాదు. అది లోకం గురించి చేసిన ప్రతిపాదన. దానికి లోకంలోని ప్రమాణమే కావాలి.

ప్రశ్నను మామూలు వాక్యంగా అడిగితే అర్థాన్ని బట్టి ఫలితాలు తెచ్చే కృత్రిమ మేధ సాధనాలు వచ్చాయి గనుక ఈ చర్చకు కాలం చెల్లిందన్నది మూడవ ఆక్షేపం. అవి ఊహించని పర్యాయపదాలను అందించి అవ్యాప్తిని తగ్గించగలవు. ఆ మేరకు ఉపయోగించుకోవాలి. కాని అవి ఏ నిధులలో చూశాయో, దేనిని ఎందుకు విడిచిపెట్టాయో సాధారణంగా తెలియదు. చూసిన కన్ను ఎటువంటిదో తెలియనప్పుడు కనబడకపోవడానికి యోగ్యత సిద్ధించదు. అవి ‘ఉంది’ అని చూపినదాన్ని పరిశీలించి స్వీకరించవచ్చు. ‘లేదు’ అన్నదాన్ని ఆధారంగా గ్రహించరాదు.

8. ముగింపు

ఈ చర్చ నుంచి ఆచరణకు మూడు విషయాలు సంక్రమిస్తాయి.

ఒకటి, అన్వేషణను వెల్లడించడం. వైద్య రంగంలో సమీక్షా వ్యాసాలకు 2009లో ప్రిస్మా నియమావళి ఏర్పడింది; అన్వేషణ వివరాలను ఎట్లా నివేదించాలో చెప్పే అనుబంధం 2021లో వెలువడింది. ఆ నియమావళిని యథాతథంగా తెచ్చుకోనక్కరలేదు. ఏ నిధులలో, ఏ తేదీన, ఏ లిపులలో, ఏ పదాలతో వెదికామో, ఏ పత్రికల విషయసూచికలను చేతితో తిరగేశామో అర పుటలో చెబితే చాలు. ‘లేదు’ అన్న మాటకు వ్రాయగలిగిన పాదసూచిక అదే.

రెండు, మన రచనలు ఇతరులకు దొరికేటట్లు వ్రాయడం. ‘ఒక పరిశీలన’, ‘సమగ్ర అధ్యయనం’ అన్న మాటలు మన శీర్షికలలో లెక్కలేనన్ని ఉన్నాయి. అవి వెదికేవారికి ఏ సాయమూ చేయవు. ఆ స్థానంలో కవి పేరు, కాలం, ప్రక్రియ, ప్రాంతం ఉంటే మేలు. కీలక పదాలలో పాత వ్యవహారాన్నీ కొత్త వ్యవహారాన్నీ, తెలుగు రూపాన్నీ రోమన్ రూపాన్నీ ఇవ్వడం భావి పరిశోధకునికి చేసే ఉపకారం. యూనికోడ్‌లో పాఠాన్ని భద్రపరచడం కూడా ఇందులో భాగమే.

మూడు, వాక్యాన్ని మార్చుకోవడం. ‘ఈ అంశంపై ఇంతవరకు పరిశోధన జరగలేదు’ అనే బదులు ‘ఈ నిధులలో, ఈ పదాలతో, ఈ తేదీ వరకు వెదికినంతలో ఈ అంశంపై ప్రత్యేక పరిశోధన నాకు లభించలేదు’ అని వ్రాయవచ్చు. రెండవ వాక్యం పొడుగు, గాంభీర్యం తక్కువ. కాని అది మరొకరి కృషిని రద్దు చేయదు. దానిని చదివిన వేరొకరు ‘ఈ పదంతో కూడా వెదికి చూడండి’ అని ఒక మాట చేర్చడానికి చోటు ఉంచుతుంది. పరీక్షకులు, పర్యవేక్షకులు ఈ రెండవ వాక్యాన్ని అడిగి వ్రాయించుకోవడం మొదలుపెడితే, దానిని నిజం చేయగల అన్వేషణ దానంతట అదే వెంట వస్తుంది.